ఓడ ఇంజిన్‌కి నాక్స్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం: నా అనుభవం

మీడియం స్పీడ్ డీజిల్ ఇంజిన్లు తయారుచేసే కంపెనీలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. ఓడల్లో కరెంటు తయారీకి వాడే జనరేటర్ ఇంజిన్ల కొత్త శ్రేణి ఒకటి మా దగ్గర డిజైన్ అయినప్పుడు, దానికి ఉద్గారాల సర్టిఫికెట్ తెప్పించే బాధ్యత నాకు అప్పగించారు. అంతకుముందు ఆ పని చేసినవాళ్లని అడిగితే అందరూ టెస్ట్ గురించే చెప్పారు. గ్యాస్ ఎనలైజర్లు, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ తరఫున పక్కనే నిలబడి చూసే సర్వేయర్, చివరి అంకె వచ్చేదాకా ఉండే టెన్షన్. ఇంజిన్‌లో ఏ భాగాలు, ఏ సెట్టింగ్స్ ఉండాలో రాసిపెట్టే టెక్నికల్ ఫైల్ సంగతి ఎత్తితే "అది తర్వాత రాసుకోవచ్చులే" అన్నారు. పని పూర్తిచేసి బయటపడ్డాక నా అభిప్రాయం దీనికి పూర్తిగా తలకిందులు. టెస్ట్ అయిపోతుంది. ఫైల్ మాత్రం ఇంజిన్ నడిచినంత కాలం దాని వెంటే ఓడలో ఉంటుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు నిబంధన ఏమిటో చెప్పాలి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ తెచ్చిన మార్‌పోల్ ఒప్పందంలో ఆరో అనుబంధం ఓడల వల్ల కలిగే గాలి కాలుష్యానికి సంబంధించింది. ఇంజిన్లవాళ్లం అందరం అనెక్స్ సిక్స్ అనే అంటాం. 1997లో ఆమోదించారు, 2005 మే 19న అమల్లోకి వచ్చింది. 2008లో దాన్ని కఠినం చేస్తూ సవరించారు, దాంతోపాటు ఇంజిన్‌ని ఎలా పరీక్షించి సర్టిఫై చేయాలో చెప్పే నాక్స్ టెక్నికల్ కోడ్‌ని కూడా తిరగరాశారు. రెండూ 2010 జులై 1 నుంచి అమలవుతున్నాయి. ఎమర్జెన్సీకి మాత్రమే వాడేవాటిని పక్కనపెడితే, 130 కిలోవాట్లు దాటిన ప్రతి మెరైన్ డీజిల్ ఇంజిన్‌కీ ఇందులోని 13వ నిబంధన వర్తిస్తుంది.

నాక్స్ అంటే నైట్రోజన్ ఆక్సైడ్లు. చాలామంది దీన్ని సల్ఫర్‌తో కలిపేస్తారు. సల్ఫర్ ఇంధనంలోంచి వస్తుంది, కాబట్టి తక్కువ సల్ఫర్ ఉన్న ఇంధనం కొంటే ఆ సమస్య చాలావరకు తీరుతుంది. నాక్స్ అలా కాదు. సిలిండర్‌లో మంట వేడికి గాలిలో ఉన్న నైట్రోజనే ఆక్సిజన్‌తో కలిసి నాక్స్‌గా మారుతుంది. అంటే మంట ఎంత వేడిగా, ఎంత త్వరగా మండుతుందో దాన్నిబట్టి నాక్స్ ఉంటుంది. ఇంజెక్షన్ టైమింగ్ (సిలిండర్‌లోకి ఇంధనం చల్లే సమయం), ఆ ఇంధనం చల్లే నాజిల్ రంధ్రాలు, పిస్టన్ పైభాగం ఆకారం, గాలిని ఒత్తి పంపే టర్బోచార్జర్, ఆ గాలిని చల్లబరిచే కూలర్ (ఇంటర్‌కూలర్) ఇవన్నీ దాన్ని నిర్ణయిస్తాయి. అందుకే సర్టిఫికెట్ ఇచ్చేది ఇంజిన్‌కి, అది కూడా ఫలానా భాగాలతో, ఫలానా సెట్టింగ్స్‌తో ఉన్న ఇంజిన్‌కి. ఈ ఒక్క మాట బుర్రలోకి ఎక్కితే మిగతా కోడ్ అంతా సులువుగా అర్థమవుతుంది.

పరిమితి ఇంజిన్ వేగాన్నిబట్టి మారుతుంది. 2011 జనవరి 1 నుంచి కట్టిన ఓడలకి టియర్ 2 అనే పరిమితి స్థాయి వర్తిస్తుంది. 130 ఆర్‌పీఎం కన్నా తక్కువ తిరిగే పెద్ద ఇంజిన్లకి కిలోవాట్ అవర్‌కి 14.4 గ్రాములు, 2000 ఆర్‌పీఎం, ఆపైన తిరిగే వాటికి 7.7 గ్రాములు. ఈ రెండింటి మధ్య ఉన్నవాటికి ఒక సూత్రం ఉంది: వేగాన్ని మైనస్ 0.23 ఘాతానికి పెంచి 44తో గుణించాలి. మా ఇంజిన్ 900 ఆర్‌పీఎం. లెక్క కడితే 9.2 గ్రాములు వస్తుంది. ఆ తర్వాత కొన్ని నెలల పాటు మా ఆఫీసులో అందరి నోటా అదే అంకె.

సర్టిఫికెట్ ఇవ్వాల్సింది ఓడ ఏ దేశపు జెండా కింద తిరుగుతుందో ఆ దేశ ప్రభుత్వం. ఆచరణలో ప్రభుత్వం తరఫున ఆ పని ఓడల్ని తనిఖీ చేసే క్లాసిఫికేషన్ సొసైటీలు చేస్తాయి. ఇంజిన్‌కి ఇచ్చేది ఈఐఏపీపీ సర్టిఫికెట్, ఓడ మొత్తానికి ఇచ్చేది ఐఏపీపీ. మొదటిది లేకపోతే రెండోది రాదు. ఇంజిన్‌ని ఓడలో బిగించకముందే మన టెస్ట్ బెడ్ (ఇంజిన్‌ని నడిపి పరీక్షించే వేదిక) మీద జరిగే ఈ తనిఖీని ప్రీ సర్టిఫికేషన్ సర్వే అంటారు.

ప్రతి ఇంజిన్‌నీ కొలవక్కర్లేదు. ఒకే రకం ఇంజిన్లని ఫ్యామిలీగానో, గ్రూప్‌గానో ప్రకటించి, అందులో అందరికన్నా ఎక్కువ నాక్స్ ఇచ్చేదాన్ని పేరెంట్ ఇంజిన్‌గా ఎంచుకుని దాన్నే టెస్ట్ చేస్తారు. అది పాసైతే మిగతావి దాని కిందికి వస్తాయి. భారీ ఎత్తున ఒకేలా తయారయ్యి, బయటికి వెళ్లాక ఎవరూ ముట్టుకోనవసరం లేని ఇంజిన్లకి ఫ్యామిలీ. మా ఇంజిన్లలో ఓడలో బిగించాక కొద్దిపాటి సర్దుబాట్లు తప్పవు. కాబట్టి గ్రూప్ పెట్టాం. సిలిండర్ వ్యాసం, స్ట్రోక్, ఇంజెక్షన్ సిస్టమ్, ఇంధన క్యామ్ ఆకారం, గాలిని చల్లబరిచే పద్ధతి ఇవన్నీ గ్రూప్‌లో ఒకేలా ఉండాలి. ఇక్కడిదాకా పెద్ద చర్చ లేదు.

చర్చ అంతా టైమింగ్ దగ్గర వచ్చింది. ఇంజెక్షన్‌ని కాస్త ముందుకి జరిపితే సిలిండర్‌లో పీడనం, వేడి పెరుగుతాయి, డీజిల్ ఆదా అవుతుంది, నాక్స్ పెరుగుతుంది. వెనక్కి జరిపితే నాక్స్ తగ్గుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. అమ్మకాల విభాగానికి డీజిల్ ఖర్చు ముఖ్యం, బ్రోషర్‌లో ముందు కనపడేది ఆ అంకే. సర్వీస్ విభాగానికి సర్దుబాటుకి జాగా ముఖ్యం. పంపు అరిగితేనో, ఇంధనం మారితేనో ఓడలో ఇంజనీరు పంపు కింద షిమ్ (పలుచని లోహపు రేకు) మార్చి టైమింగ్ సరిచేసుకోవాలి కదా. వాళ్లు టెక్నికల్ ఫైల్‌లో టైమింగ్‌కి వీలైనంత పెద్ద రేంజ్ రాయమన్నారు.

రేంజ్ రాయడం ఉచితం కాదు. ఏ రేంజ్ రాస్తే దానిలో నాక్స్ అన్నిటికన్నా ఎక్కువ వచ్చే చివర కూడా 9.2 లోపే ఉందని చూపించాలి. అంటే అత్యంత ముందుకి జరిపిన టైమింగ్‌లో టెస్ట్ పాసవ్వాలి. రేంజ్ పెద్దదైతే మామూలు సెట్టింగ్‌ని వెనక్కి నెట్టుకోవాల్సి వస్తుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. రేంజ్ చిన్నదైతే ఓడలో ఇంజనీరు షిమ్ మార్చిన మరుక్షణం ఆ ఇంజిన్ ఫైల్‌కి బయట పడిపోతుంది. ఈ విషయంలో నేను సర్వీస్ వాళ్ల పక్షమే వహించాను, ఇప్పటికీ అదే సరైందని నమ్ముతాను. టెస్ట్ బెడ్ మీద అర గ్రాము డీజిల్ మిగుల్చుకుని, సముద్రం మధ్యలో ఉన్నవాడి చేతులు కట్టేయకూడదు. చివరికి సర్వీస్ వాళ్లు అడిగిన దానికన్నా కొంచెం చిన్నగా, అమ్మకాల వాళ్లు కోరుకున్న దానికన్నా కాస్త పెద్దగా ఒక రేంజ్ తేలింది. పేరెంట్ ఇంజిన్‌ని ఆ రేంజ్ కొసన పెట్టే టెస్ట్ చేయాలని నిర్ణయించాం.

టెస్ట్ ఏర్పాట్లలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది వాతావరణం. నాక్స్ మీద గాలి తేమ ప్రభావం చాలా ఎక్కువ. తేమ గాలి ఇంజిన్‌లోకి వెళ్తే అందులోని నీటి ఆవిరి కొంత వేడిని పీల్చుకుంటుంది, మంట చల్లబడుతుంది, నాక్స్ తక్కువ కనపడుతుంది. ఉక్కపోత రోజున టెస్ట్ పెట్టుకుంటే మంచిదేమో అని ఎవరికైనా ఆశ పుడుతుంది. కోడ్ ఆ దారి మూసేసింది. కిలో పొడిగాలికి 10.71 గ్రాముల తేమ అన్నది ప్రామాణికం. అంతకన్నా తేమ ఎక్కువ ఉంటే కొలిచిన నాక్స్‌ని లెక్కలో తిరిగి పెంచుతారు. గాలి 32 డిగ్రీలు, తేమ 20 గ్రాములు, కూలర్ దాటిన గాలి ప్రామాణిక ఉష్ణోగ్రత కన్నా 5 డిగ్రీలు ఎక్కువ అనుకుందాం. ఇంటర్‌కూలర్ ఉన్న ఇంజిన్ల సూత్రం ప్రకారం దిద్దుబాటు గుణకం సుమారు 1.13. ఎనలైజర్ లెక్కన 8.0 గ్రాములు వచ్చిందని సంతోషించేలోపు అది 9.0 దాటుతుంది. పరిమితి 9.2. ఎంత దగ్గరో చూడండి.

అందుకే హైగ్రోమీటర్ విషయంలో నేను చాలా పట్టుబట్టాను. లక్షల విలువ చేసే ఎనలైజర్ల మీద ఉన్న శ్రద్ధ గోడకి తగిలించే తేమ మీటర్ మీద ఉండదు. దానిలో ఒకటి రెండు గ్రాముల తేడా వచ్చినా తుది ఫలితం ఒకటి నుంచి మూడు శాతం దాకా కదులుతుంది. టర్బోచార్జర్ గాలి పీల్చే చోటే దాన్ని పెట్టించాను, గది మూల కాదు.

ఇంకో గీత కూడా ఉంది. గాలి ఉష్ణోగ్రత, పొడి గాలి పీడనం కలిపి ఎఫ్ఏ అనే ఒక విలువ కడతారు. అది 0.93 నుంచి 1.07 మధ్య ఉంటేనే టెస్ట్ చెల్లుతుంది. పైన చెప్పిన 32 డిగ్రీల రోజుకి అది 1.04 దగ్గర ఉంటుంది. గాలి 38 డిగ్రీలకి చేరితే 1.07 దాటిపోతుంది. మధ్యాహ్నం టెస్ట్ బెడ్ హాల్లో ఇంజిన్ వేడి కూడా కలిసి 38 అవడం పెద్ద విషయం కాదు. తెల్లవారుజామునే ఇంజిన్ స్టార్ట్ చేసి, బయటి గాలి నేరుగా టర్బోచార్జర్‌కి అందేలా డక్ట్ వేయించాం.

గ్యాస్ నమూనా తీసే గొట్టం ఎక్కడ దూర్చాలో కూడా కోడ్ చెబుతుంది. టర్బోచార్జర్ దాటాక పైపు వ్యాసానికి కనీసం పది రెట్ల దూరంలో ఉండాలి, పైపు చివరి నుంచి కనీసం అర మీటరు లేదా మూడు వ్యాసాలు, ఏది ఎక్కువైతే అంత లోపలికి ఉండాలి. నాక్స్‌కి కెమీల్యూమినిసెన్స్ ఎనలైజర్, కార్బన్ మోనాక్సైడ్‌కీ డయాక్సైడ్‌కీ ఇన్‌ఫ్రారెడ్, హైడ్రోకార్బన్లకి ఫ్లేమ్ అయనైజేషన్. నాక్స్ ఎనలైజర్ నైట్రిక్ ఆక్సైడ్‌ని మాత్రమే చూడగలదు, కాబట్టి నైట్రోజన్ డయాక్సైడ్‌ని ముందు నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చే కన్వర్టర్ ఒకటి ఉంటుంది. దాని సామర్థ్యం 90 శాతం కన్నా తగ్గకూడదు. ఇంధనం డిస్టిలేట్ గ్రేడ్ తీసుకున్నాం. ఎగ్జాస్ట్ ఎంత ప్రవహిస్తోందో నేరుగా కొలవకుండా కార్బన్ బ్యాలెన్స్‌తో లెక్కించాం. అంటే కాల్చిన డీజిల్‌లోని కార్బన్ అంతా ఎగ్జాస్ట్‌లోకే వస్తుంది కనుక, దాన్నిబట్టి ప్రవాహం తేల్చడం. దీనికి టెస్ట్ రోజు వాడిన అదే ఇంధనం నమూనాని ల్యాబ్‌కి పంపి కార్బన్, హైడ్రోజన్ శాతాలు తెప్పించుకోవాలి. పాత రిపోర్ట్‌తో సరిపెట్టుకోవడం కుదరదు.

టెస్ట్ రోజు సర్వేయర్ వచ్చి మొదట చూసింది ఇంజిన్‌ని కాదు, గ్యాస్ సిలిండర్లని. ఎనలైజర్లని సరిచూడటానికి వాడే, శాతం ముందే తెలిసిన గ్యాస్‌ని స్పాన్ గ్యాస్ అంటారు. ప్రతి స్పాన్ గ్యాస్ సిలిండర్ మీద నంబర్, గడువు తేదీ, సర్టిఫికెట్‌లో రాసిన శాతం వరుసగా సరిపోల్చుకున్నారు. తర్వాత నాజిల్. ఒక ఇంజెక్టర్‌ని బయటికి తీయించి, టార్చి వేసి, భూతద్దం పెట్టి నాజిల్ మీద చెక్కిన నంబర్ చదివారు. డ్రాయింగ్‌లో ఉన్న నంబర్ నన్ను పైకి చదవమన్నారు. ఆయన వేలితో ఒక్కో అక్షరం దాటుకుంటూ విన్నారు. పిస్టన్, క్యామ్‌షాఫ్ట్, సిలిండర్ హెడ్ గుర్తులని అసెంబ్లీ సమయంలోనే మరో రోజు వచ్చి చూసి సంతకం పెట్టారు. బిగించాక కనపడవు కదా.

జనరేటర్ ఇంజిన్లకి టెస్ట్ చేసే క్రమం డీ2 సైకిల్. వేగం మారదు, లోడ్ మాత్రం 100, 75, 50, 25, 10 శాతాలుగా దించుకుంటూ వస్తారు. ప్రతి లోడ్ దగ్గర ఇంజిన్ స్థిరపడ్డాక కనీసం 10 నిమిషాలు రికార్డ్ చేయాలి. పై మూడు లోడ్లూ సాఫీగా అయ్యాయి. 25 శాతం దగ్గర నాక్స్ మేం అనుకున్నదాని కన్నా తక్కువ వచ్చింది. 10 శాతం దగ్గర ఇంకా తక్కువ.

కొలతల పని బయటి బృందానికి ఇచ్చాం. ఎనలైజర్లు బాగానే ఉన్నాయని, అంకెలు పరిమితి లోపలే కదా అని వాళ్లు ముందుకి వెళ్దామన్నారు. మా టెస్ట్ బెడ్ సీనియర్ టెక్నీషియన్ మాత్రం నా పక్కకి వచ్చి "సార్, ఈ ఇంజిన్ ఇంత తక్కువ ఇవ్వదు. డెవలప్‌మెంట్‌లో ఎన్నిసార్లు నడిపాం, ఒక్కసారి కూడా ఇలా రాలేదు" అన్నారు. ఆ మాట నాకు చాలు. ఫలితం మనకి అనుకూలంగా వస్తున్నప్పుడు అనుమానించడం కష్టం. కానీ ఈ టెస్ట్ తప్పయితే గ్రూప్‌లోని ప్రతి ఇంజిన్ సర్టిఫికెట్ కిందా ఆ తప్పు ఉంటుంది. సర్వేయర్‌కి చెప్పి ఆపాం.

ఫిల్టర్‌కీ వేడి చేసిన నమూనా గొట్టానికీ మధ్య ఉన్న జాయింట్ మీద హీటింగ్ తొడుగు సరిగా కప్పలేదు. ఓ జానెడు లోహం బయటికి కనపడుతోంది. జాయింట్ విప్పితే లోపల నీటి చుక్కలు. ఎగ్జాస్ట్‌లోని ఆవిరి అక్కడ చల్లబడి నీరవుతోంది, నైట్రోజన్ డయాక్సైడ్ ఆ నీటిలో కరిగిపోయి ఎనలైజర్ దాకా రావడం లేదు. తక్కువ లోడ్లలోనే ఎందుకు బయటపడిందంటే, అక్కడ ఎగ్జాస్ట్ చల్లగా ఉంటుంది, పైగా నాక్స్‌లో డయాక్సైడ్ వాటా ఎక్కువ. తొడుగు మార్చి, గొట్టాలు ఆరబెట్టి, లీక్ టెస్ట్ చేసి, ఎనలైజర్ల జీరో, స్పాన్ రీడింగులు మళ్లీ చూసుకుని మొదటి లోడ్ నుంచి మొత్తం తిరిగి నడిపాం. ఈ సంగతంతా టెస్ట్ రిపోర్ట్‌లో రాయమని సర్వేయర్ అడిగారు, రాశాం. టెస్ట్ ముగిశాక స్పాన్ గ్యాస్‌తో మళ్లీ చూస్తే తేడా 2 శాతం లోపే ఉండాలి. ఆ రోజు సాయంత్రం అది చూసుకున్నాకే అందరం భోజనానికి కదిలాం.

ఇక్కడ లెక్క గురించి ఒక మాట. డీ2లో ఐదు లోడ్లకి లెక్కలో ఇచ్చే బరువులు (వెయిటేజీ) 0.05, 0.25, 0.30, 0.30, 0.10. చూడగానే 50, 25 శాతం లోడ్లదే పెత్తనం అనిపిస్తుంది. కానీ తుది ఫలితం గ్రాముల మొత్తాన్ని కిలోవాట్ల మొత్తంతో భాగించి తీస్తారు, ఆ కిలోవాట్లకీ ఇవే బరువులు. 1000 కిలోవాట్ల ఇంజిన్ తీసుకుంటే కింది మొత్తం 472.5 కిలోవాట్లు. అందులో 75 శాతం లోడ్‌ది 187.5, 50 శాతం లోడ్‌ది 150. ఈ రెండే 71 శాతం అయ్యాయి. 10 శాతం లోడ్ వాటా 10 కిలోవాట్లు, అంటే 2 శాతం పైచిలుకు. మేం ఆగకుండా వెళ్లిపోయినా తుది అంకె పెద్దగా మారేది కాదు. అయినా ఆపినందుకు నాకు ఇసుమంత కూడా విచారం లేదు. 75 శాతం దగ్గర కూడా ఆ గొట్టం ఎంతోకొంత మింగలేదని ఎవరు చెప్పగలరు?

అదే ఇంజిన్‌ని ప్రొపెల్లర్‌కి స్థిర వేగంతో వాడితే ఈ2 సైకిల్, బరువులు వేరు. అక్కడ 75 శాతం లోడ్ ఒక్కటే 55 శాతం వాటా తీసుకుంటుంది. కాబట్టి ఒక సైకిల్‌లో పాసైన ఇంజిన్ ఇంకోదానిలో పాసవుతుందని అనుకోకూడదు. రెండు వాడకాలకీ అమ్మాలంటే రెండిటికీ సర్టిఫికెట్ కావాలి.

మా పేరెంట్ ఇంజిన్ పాసైంది. అప్పుడు అసలు పని మొదలైంది.

టెక్నికల్ ఫైల్‌లో ఏమేం ఉండాలో కోడ్ చెబుతుంది: నాక్స్‌ని ప్రభావితం చేసే భాగాలు, సెట్టింగ్స్, వాటికి అనుమతించిన రేంజ్‌లు, ఇంజిన్ పనితీరు వివరాలు, పేరెంట్ టెస్ట్ రిపోర్ట్ ప్రతి, విడిభాగాల గుర్తింపు, ఓడలో నాక్స్ నిబంధన పాటిస్తున్నట్టు తనిఖీ చేసే పద్ధతి. ఈ చివరిదే ఆయువుపట్టు. ఓడలో తనిఖీకి మూడు మార్గాలున్నాయి. నేరుగా కొలవడం, సరళీకరించిన పద్ధతిలో కొలవడం, పారామీటర్ చెక్. మొదటి రెండిటికీ ఓడలోకి ఎనలైజర్లు మోయాలి. అందుకే చాలా ఇంజిన్లకి మూడోదే రాస్తారు. సర్వేయర్ వచ్చి, ఫైల్‌లో ఉన్న భాగాలే ఇంజిన్‌లో ఉన్నాయా, సెట్టింగ్స్ రేంజ్‌లోనే ఉన్నాయా, మార్పులన్నీ రికార్డ్ బుక్‌లో రాశారా అని చూస్తాడు. ఫైల్ స్పష్టంగా ఉంటే ఆ పని హాయిగా అయిపోతుంది. లేకపోతే ఇంజిన్‌లో ఏ లోపమూ లేకపోయినా ఓడ రేవులో ఆగిపోయే పరిస్థితి రావచ్చు.

డిజైన్ విభాగం నుంచి వచ్చిన మొదటి ముసాయిదాలో భాగాల పట్టిక చక్కగా ఉంది. భాగం పేరు, నంబర్, డ్రాయింగ్ నంబర్. ఆ పట్టిక పట్టుకుని పూర్తిగా బిగించిన ఇంజిన్ దగ్గరికి వెళ్లాను. ఫిట్టర్‌ని తోడు తీసుకుని ఒక్కొక్క గుర్తూ చూపించమన్నాను. టర్బోచార్జర్ నేమ్‌ప్లేట్ కనపడింది. కూలర్‌ది కనపడింది. క్యామ్‌షాఫ్ట్ గుర్తు కవర్ తీస్తే కనపడింది, అయితే షాఫ్ట్‌ని ఒక స్థానానికి తిప్పితేనే. ఫ్యూయల్ పంపు గుర్తు ఎక్కడా లేదు. చాలాసేపు వెతికాక, ఇంధనం పైపుని పట్టుకునే బ్రాకెట్ వెనకాల దాక్కుని ఉందని తేలింది. అద్దం పెడితే సగం కనపడుతుంది. ఓడ ఇంజిన్ రూమ్‌లో, ఆ వేడిలో, చేతిలో టార్చితో ఉన్నవాళ్లు ఆ పైపు విప్పాలా? డ్రాయింగ్ మార్పించి గుర్తుని పంపు ముందు వైపుకి తెప్పించాను. చిన్న మార్పే, కానీ అది ఒప్పించడానికి టెస్ట్ ఏర్పాట్లన్నిటికన్నా ఎక్కువ మాట్లాడాల్సి వచ్చింది.

నాజిల్ విషయంలో కొనుగోలు విభాగంతో ఇంకో చర్చ. వాళ్లకి ఇద్దరు సరఫరాదారులు కావాలి. న్యాయమైన కోరికే. ఫైల్‌లో ఒక్క నంబరే రాస్తే, రేపు ఓడవాళ్లకి ఆ నాజిల్ దొరకనప్పుడు ఇబ్బంది పడతారు. రెండో నాజిల్ నాక్స్ విషయంలో మొదటిదానికి సమానమని మా టెస్ట్ బెడ్ ఫలితాలతో చూపించి, ఆ నంబర్ కూడా ఫైల్‌లోకి ఎక్కించాం. ఇది మొదటే చేసుకోవడం మేలు. తర్వాత చేర్చాలంటే ప్రతి ఓడలో ఉన్న ఫైల్‌కీ సవరణ ఆమోదించి పంపాలి.

తర్వాతి కాలంలో ఇంకా కఠినమైన పరిమితి అయిన టియర్ 3 పని కూడా చేశాను, దాని గురించి క్లుప్తంగా చెప్తాను. ఉత్తర అమెరికా, అమెరికా కరీబియన్ ఉద్గార నియంత్రణ ప్రాంతాల్లో తిరిగే ఓడలకి 2016 జనవరి 1 తర్వాత, బాల్టిక్, ఉత్తర సముద్రాల్లో తిరిగేవాటికి 2021 జనవరి 1 తర్వాత కట్టినవైతే ఇది వర్తిస్తుంది. 900 ఆర్‌పీఎంకి పరిమితి 2.3 గ్రాములు. టైమింగ్ జరిపి సాధించే అంకె కాదది, యూరియా చల్లి ఉత్ప్రేరకం మీద నాక్స్‌ని విడగొట్టే ఎస్‌సీఆర్ కావాలి. పైన చెప్పిన బరువుల లెక్క ఇక్కడ ఆదుకోదు, ఎందుకంటే ఏ ఒక్క లోడ్ దగ్గరా పరిమితికి ఒకటిన్నర రెట్లు మించకూడదు. డీ2లో 10 శాతం లోడ్‌కి మాత్రం మినహాయింపు. అందువల్ల 25 శాతం లోడ్ దగ్గరే కష్టమంతా. ఎగ్జాస్ట్ చల్లగా ఉంటుంది, ఉత్ప్రేరకం సరిగా పనిచేయదు. ఎస్‌సీఆర్‌ని ఇంజిన్‌తో కలిపి టెస్ట్ బెడ్ మీద పరీక్షించేది స్కీమ్ ఏ. విడివిడిగా పరీక్షించి ఓడలో నిర్ధారణ టెస్ట్ చేసేది స్కీమ్ బీ. టెస్ట్ బెడ్ మీద జాగా ఉంటే ఏ వైపే వెళ్లమని నా సలహా. ఓడ డెలివరీ హడావిడి మధ్యలో కొలతలు పెట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు.

మా గ్రూప్‌లోని ఇంజిన్ ఒకటి ఉన్న ఓడలో సర్వే జరుగుతున్నప్పుడు కంపెనీ తరఫున నేనూ వెళ్లాను. ఫైల్ ఇంజిన్ కంట్రోల్ రూమ్‌లోనే ఉంది, అంచులు నూనె మరకలతో. వాడుతున్నారన్నమాట, చూసి ఆనందమేసింది. ఫ్యూయల్ పంపుల గుర్తులు సర్వేయర్ నిలబడిన చోటి నుంచే చదివేశారు. స్పేర్స్ పెట్టెలో మాత్రం ఒక నాజిల్ నంబర్ ఫైల్‌లోని రెండిటిలో ఏదీ కాదు. బయట కొన్నది. "స్ప్రే కోణం అదే సార్, రంధ్రాలూ అన్నే" అన్నారు సెకండ్ ఇంజనీర్. అది నిజమే కావచ్చు. కానీ పారామీటర్ చెక్‌లో లెక్కలోకి వచ్చేది గుర్తే. ఆ నాజిల్‌ని ఇంజిన్‌లో వాడొద్దని, పెట్టెలోంచి తీసేసినట్టు రికార్డ్ బుక్‌లో రాయమని సర్వేయర్ చెప్పారు. ఇప్పటికే బిగించిన ఇంజెక్టర్లలో ఒకదాన్ని తీయించి చూశారు, అది ఫైల్‌లో ఉన్న నంబరే.

రికార్డ్ బుక్ దగ్గర కాసేపు ఆగారు. పంపు మార్చిన తేదీ ఉంది, కొత్త పంపు నంబర్ ఉంది, షిమ్ మందం రాయలేదు. మా ఫైల్‌లో ఇచ్చిన నమూనా పేజీలో ఆ గడే లేదు మరి. తర్వాతి సవరణలో షిమ్ మందానికి ఒక గడి, కొలిచిన టైమింగ్‌కి ఇంకో గడి చేర్చాం. ఇప్పుడు కొత్త గ్రూప్ ఫైల్ ఏది తయారైనా, ఆమోదానికి పంపకముందు ఆ ఇంజిన్ మీద ఎప్పుడూ పనిచేయని ఫిట్టర్ చేతికి ఇస్తాను. ఎవరినీ అడగకుండా గుర్తులన్నీ వెతికి, రికార్డ్ బుక్‌లో ఒక పంపు మార్పు రాసి చూపించమంటాను. అతనికి దొరకని ప్రతి గుర్తుకీ ఫైల్‌లో ఒక ఫోటో చేరుతుంది, అప్పుడే అది సర్వేయర్ దగ్గరికి వెళ్తుంది.